ఆటల కంప్యూటరునకు గ్రాఫిక్స్ కార్డును ఎన్నుకొనుట

పై తరగతుల పిల్లలు పాఠశాల వదలిన పిమ్మట మమ్ము వరండాలో నిలిపి యడుగు ప్రశ్నలలో నొకటి యిటీవల తరచుగా వినవచ్చుచున్నది. "మాస్టారూ, తక్కువ ఖర్చుతో ఆటలాడుకొను కంప్యూటరు చేయించుకొనవలెనన్న ఏ గ్రాఫిక్స్ కార్డు కొనవలెను?" అని వారి ప్రశ్న. ఇది పాఠ్యగ్రంథములలో లేనిదే యైనను, దీని యుత్తరము గణితముతోను, విద్యుచ్ఛాస్త్రముతోను, ఇంటి జమాఖర్చులతోను ముడిపడియున్నది. కావున ఈ సంవత్సరపు సంచికకు దీనినే పాఠముగా వ్రాయ సంకల్పించితిమి. ఆటలు మంచివా చెడ్డవా యను చర్చకు ఇందు చోటులేదు. అది వేరొకనాటి మాట.

తలిదండ్రులు కూడ దీనిని చదువవలెనని కోరుచున్నాము. ఏలయన, ఉద్దానమున కంప్యూటరు కొనుట యనగా జీడిపిక్కలమ్మిన సొమ్ములో నుండియో, కొబ్బరితోట కౌలు సొమ్ములో నుండియో, గుజరాతు తీరమున వేరావల్ రేవులో పడవపనికి పోయిన అన్న పంపిన సొమ్ములో నుండియో తీసి పెట్టుటయే. ఆటల కంప్యూటరునకగు మొత్తములో మూడవవంతు, ఒక్కొక్కప్పు డంతకన్న నెక్కువయు, ఈ యొక్క కార్డునకే పోవును. తక్కిన భాగములలో పొరపాటు జరిగిన కొంత సరిదిద్దుకొనవచ్చును. ఇందు పొరపాటు జరిగిన నా యేటి పంట యంతయు పెట్టెలో మూతపడి కూర్చుండును.

మొదట ఈ కార్డు చేయు పని యెట్టిదో తెలిసికొందము. తెరమీది బొమ్మ యనగా రంగుచుక్కల కూడిక. నేడు సాధారణముగా అమ్ముడగు తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. ఈ రెంటిని గుణించిన 20,73,600 వచ్చును. ఆట కదలిక కంటికి నునుపుగా తోచుటకు సెకనుకు 60 బొమ్మలైనను కావలెను. అనగా ఒక సెకనులో 12,44,16,000 చుక్కలకు రంగు నిర్ణయింపబడవలెను. ఒక్కొక్క బొమ్మను ముగించుటకు దొరకు వ్యవధి సెకనులో అరువదవ వంతు, అనగా సుమారు 16.7 మిల్లీసెకనులు. ఆటలో వెలుగు ఏ దిక్కునుండి పడుచున్నది, ఏ గోడ దేనికి అడ్డుగా నున్నది, నీడ యెంత పొడవు, ఇవన్నియు నా లోపలనే లెక్కకు రావలెను.

ఈ లెక్కను కంప్యూటరు ప్రధానయంత్రమగు ప్రాసెసరు ఒక్కటియే యేల చేయరాదని యడుగవచ్చును. పలాస, కాశీబుగ్గల జీడి కర్మాగారములను చూడని విద్యార్థి మనలో లేడు. అచ్చట గుమాస్తా యొకడు సరకు లెక్క, కూలిలెక్క, లారీల రాకపోకలు, బ్యాంకు వ్యవహారములు అన్నియు చూచుకొనును. అతడు నేర్పరి. కాని బస్తాలకొలది పిక్కలను అతడొక్కడే కొట్టజాలడు. అందుకు వరుసలుగా కూర్చుండి, ఒకే పనిని చేతివాటముగా చేయు కూలీలు కావలయును. ప్రాసెసరు ఆ గుమాస్తా వంటిది. అందు ఆరో ఎనిమిదో కోరులుండును. గ్రాఫిక్స్ కార్డు కూలీల షెడ్డు వంటిది. ఎన్‌విడియా వారి ఆర్‌టిఎక్స్ 4060 కార్డులో 3072 చిన్న కోరులున్నవి. ఒక్కొక్కదాని తెలివి స్వల్పము. ఐనను అన్నియు నొక్కమాటుగా చుక్కలపై పడి పని ముగించును. వేరువేరు కంపెనీల కోరులను సంఖ్యతో పోల్చరాదని మాత్రము గుర్తుంచుకొనవలెను. ఒక షెడ్డులోని కూలి చేతివాటము వేరొక షెడ్డులోని దానితో సమానము కాదు గదా!

ఈ చిప్పులను రూపొందించువారు ముగ్గురు. ఎన్‌విడియా 1993లో స్థాపింపబడినది. 1999లో జీఫోర్స్ 256 అను కార్డును విడుదల చేయుచు దానిని జీపీయూ అని పిలిచినది. ఆ పేరు లోకమున నిలిచిపోయినది. కెనడా దేశపు ఏటీఐ కంపెనీని 2006లో కొనుటచే ఏఎమ్‌డి యీ వర్తకములోనికి వచ్చినది. ఇంటెల్ వారు ఆర్క్ అను పేరుతో 2022లో విడి కార్డులను తెచ్చిరి. మొదటి రెండు కంపెనీలకును హైదరాబాదులో ఇంజనీరింగు కార్యాలయములు కలవు. ఈ చిప్పును కొని, పలకపై నమర్చి, ఫ్యానులు తగిలించి అమ్మువారు ఏసస్, ఎమ్ఎస్ఐ, గిగాబైట్, జోటాక్, సఫైర్ మొదలగువారు. చిప్పు ఒకటే యైనప్పుడు ఈ పేర్లలో తేడా ఫ్యానులోను, వారంటీలోను, ఆర్భాటములోను ఉండును. ఆట వేగములో మిక్కిలి స్వల్పము. ఒకే చిప్పుగల రెండింటిలో మూడు ఫ్యానులును రంగుదీపములును గలదానికై నాలుగైదువేలు అధికముగా నిచ్చుట మాకు సమ్మతము కాదు.

ఇక కార్డు అసలు కావలెనా? దీనిని ముందుగా నిర్ణయింపక కొనువారే పెక్కురు. కొన్ని ప్రాసెసరులలోనే బొమ్మలు గీయు భాగము ఇమిడియుండును. ఏఎమ్‌డి వారు 2021లో తెచ్చిన రైజెన్ 5 5600జి అట్టిది. 2024 జనవరిలో వచ్చిన రైజెన్ 5 8600జి అంతకన్న చాల మేలైనది. వాలొరాంట్, మైన్‌క్రాఫ్ట్ వంటి తేలిక యాటలు వీనిపై విడి కార్డు లేకయే నడచును. ఇట్టి ప్రాసెసరు కొనువారు 16 జీబీ ర్యామును ఒక్క ముక్కగా గాక 8 జీబీ ముక్కలు రెండుగా వేయించుకొనవలెను. బొమ్మల భాగమునకు ప్రత్యేకమైన మెమొరీ లేదు గాన అది ర్యామునే వాడుకొనును. రెండు ముక్కలున్న దారి రెట్టింపగును, ఆట వేగమును స్పష్టముగా పెరుగును. పెక్కుమంది బాలురకు తెలిసిన బీజీఎమ్ఐ ఆట ఫోనుకొరకు చేయబడినది. దానికి కంప్యూటరు రూపమును కంపెనీవారు విడుదల చేయలేదు. ఆ యొక్క యాటకై కంప్యూటరు కొనుట వ్యర్థము. ఇప్పు డిట్టి ప్రాసెసరుతో ఆరంభించి, సొమ్ము సమకూరినపుడు కార్డు చేర్చుకొనుట మర్యాదగల మార్గమని మా యభిప్రాయము.

కార్డు కావలెనని తేలినచో, మీ తెరను చూచి కార్డును నిర్ణయింపవలెను. 1366 × 768 చుక్కల పాత తెరపై చుక్కలు 10,49,088 మాత్రమే. 2560 × 1440 తెరపై 36,86,400. నాలుగు-కె యని పిలువబడు 3840 × 2160 తెరపై 82,94,400. ఇది సాధారణ తెరకు సరిగా నాలుగురెట్లు. చుక్కలు పెరిగినకొలది కూలీలు పెరుగవలెను, ధరయు పెరుగును. తక్కువ ఖర్చున చేయించుకొనువారికి 1920 × 1080 తెరయే తగినది. ఈ వ్యాసమున ఇక చెప్పబోవునదంతయు ఆ తెరను దృష్టిలో నుంచుకొనియే.

పేర్ల విషయమున జరుగు నష్టము పెద్దది. మా యెరుకలో నొక కుటుంబము కలదు. తండ్రికి కొద్దిపాటి జీడితోట. కుమారుడు ఇంటర్మీడియెట్ చదువుచుండెను. ఒక పట్టణమున సిద్ధముగా కూర్చిన కంప్యూటరును వారు కొనిరి. "ఐ7 ప్రాసెసరు, 16 జీబీ ర్యాము, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అని కాగితముపై వ్రాసియుండెను. ఇంటికి తెచ్చి ఆటను పెట్టగా అది తెరవబడుటయే గాని కదలలేదు. పెట్టె విప్పి చూడగా ఆ ఐ7 2011 నాటి రెండవతరముది. ఆ కార్డు 2014లో వెలువడిన జిటి 730. ఆ తరపు కార్డులకు క్రొత్త యాటల డ్రైవరులను 2021 నాటికే ఎన్‌విడియా నిలిపివేసియుండెను. తండ్రి మమ్మడిగిన మాట యిది: "మాస్టారూ, కాగితముమీద వ్రాసినవన్నియు ఇందులో నున్నవి గదా, ఇక వారిని ఏమని అడుగుదును?" అందు ఒక్క యబద్ధమును లేదన్నది నిజమే. ఆ యంత్రము నేడు పాఠముల వీడియోలు చూచుటకు పనికివచ్చుచున్నది. ఆ సొమ్ము తిరిగి రాలేదు.

ఆయనకు మేమిచ్చిన సమాధానము ఆయన వృత్తిలోనిదే. జీడిపప్పులో 180 నెంబరు గుండు గొప్పదా, 320 నెంబరు గొప్పదా? సంఖ్యను చూచి 320 గొప్పదనువానిని పలాసలో చిన్నపిల్లవాడును నవ్వును. పౌను తూకమునకు ఎన్ని గింజలు తూగునో చెప్పునదే యా సంఖ్య. 180 నెంబరు గింజ పెద్దది, దాని ధర యెక్కువ. సంఖ్య దేనిని కొలుచుచున్నదో తెలియక సంఖ్యను నమ్మరాదు. "4 జీబీ" యనునది కార్డుపైని మెమొరీ కొలత. అది పిక్కలారబోయు కళ్లము వైశాల్యము వంటిది. నలుగురు కూలీలున్న షెడ్డునకు ఎకరము కళ్లమున్నను పని సాగదు. జిటి 730 సంగతి యిదే.

పేరులోని అంకెలను చదువు విధము చెప్పెదము. ఎన్‌విడియా వారి 4060 అనుదానిలో మొదటి రెండంకెలు తరమును, కడపటి రెండును అంతస్తును తెల్పును. 3060 అదే యంతస్తు, ముందు తరము. 4050 అదే తరము, క్రింది యంతస్తు. ల్యాప్‌టాపులోని 4060కును విడి కార్డగు 4060కును పేరొక్కటియే గాని పని వేరు. ఏఎమ్‌డి వారి ఆర్‌ఎక్స్ 6600, 7600 అనువానిలో మొదటి యంకె తరము. ఇంతవరకు సుళువే. అటుపై చిక్కులున్నవి. జిటి 1030 అను నొకే పేరుతో రెండు కార్డులు వెలువడినవి. 2017 నాటి దానిలో జీడీడీఆర్5 మెమొరీ. సెకనుకు 48 జీబీ మోయగలదు. 2018లో వచ్చిన దానిలో డీడీఆర్4. 17 జీబీయైనను నిండదు. ఆటలో రెండవదాని వేగము మొదటిదానిలో సగమో అంతకు తక్కువయో. అట్లే ఆర్‌టిఎక్స్ 3050 అను పేరుతో 2022లో 8 జీబీ కార్డును, 2024లో 6 జీబీ కార్డును వచ్చినవి. తేడా మెమొరీలోనే యని తలపరాదు. మొదటిదానిలో కోరులు 2560, రెండవదానిలో 2304. ఆర్‌ఎక్స్ 580 పేరిట 2048ఎస్‌పి యను తోకతో అమ్మబడునది అసలు 580 కాదు, దానికన్న తక్కువది. కావున బిల్లుపై పూర్తి పేరును, మెమొరీ రకమును వ్రాయించుకొనుడు. వ్రాయననువానియొద్ద కొనకుడు.

కళ్లము మరీ యిరుకైనను కష్టమే. ఆటకు కావలసిన బొమ్మల సామగ్రి కార్డు మెమొరీలో ఇముడకపోయినచో, కార్డు దానిని మాటిమాటికి మదర్‌బోర్డు దారిగుండ ర్యామునుండి తెచ్చుకొనవలసివచ్చును. ఆ దారి కార్డు సొంత మెమొరీకన్న ఎన్నో రెట్లు నెమ్మదైనది. అప్పుడు ఆట నడచుచు నడచుచు ఒక్క క్షణమాగి మరల కదలును. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టి దీనికి మంచి యుదాహరణము. మెమొరీ 4 జీబీ, దారికి నాలుగే వరుసలు. పాత మదర్‌బోర్డుపై నాలుగు వరుసల వేగము సగమగును గాన పాత యంత్రమునకు చవుకగా కొన్నవారే దీనివలన నెక్కువగా నష్టపోయిరి. నేడు క్రొత్తగా కొనువారికి 8 జీబీ కనీసమని మేము తలంతుము. పాత ఆటలతో తృప్తిపడువారికి 6 జీబీ చాలును. 4 జీబీ కార్డును క్రొత్త ధరకు కొనవలదు.

విద్యుత్తు సంగతికి వత్తము. మా దృష్టిలో మన ప్రాంతమున కార్డును నిర్ణయింపవలసినది దాని వేగముకన్న నెక్కువగా ఇదియే.

ప్రతి కార్డునకును వాట్లలో నొక కొలత కలదు. ఆర్‌టిఎక్స్ 4060కు 115, ఆర్‌ఎక్స్ 6600కు 132, ఆర్‌ఎక్స్ 7600కు 165, ఆర్‌టిఎక్స్ 3060కు 170, ఇంటెల్ ఆర్క్ బి580కు 190. మదర్‌బోర్డుపైని గాడినుండి కార్డునకు లభించునది 75 వాట్లు మించదు. అంతకు మించి కావలసిన కార్డునకు ఎస్ఎంపీఎస్ నుండి వేరు తీగ తగిలింపవలెను. 70 వాట్లు మాత్రమే వాడు ఆర్‌టిఎక్స్ 3050 6 జీబీ కార్డునకును, 75 వాట్ల జిటిఎక్స్ 1650 రకములు కొన్నింటికిని ఆ వేరు తీగ యక్కరలేదు. ఆఫీసులలో వాడి వదలిన కంప్యూటరులు చవుకగా దొరకును. వాని ఎస్ఎంపీఎస్ చిన్నది, మార్చుటకు వీలులేని యాకారము. అట్టివానికి ఇవి తగును. ఇంటెల్ ఆర్క్ కార్డులు అట్టి పాత యంత్రములలో వేయదగినవి కావు. రీసైజబుల్ బార్ అను సదుపాయము మదర్‌బోర్డులో లేనిచో వాని వేగము మిక్కిలి పడిపోవును.

క్యాబినెట్టుతో ఉచితముగా వచ్చు ఎస్ఎంపీఎస్ పైన 450 వాట్లని పెద్ద యక్షరములతో నుండును. విద్యార్థులారా, ప్రక్కనున్న చిన్న పట్టికను చదువుడు. ప్రాసెసరును కార్డును నడపునది 12 వోల్టుల గీత. అక్కడ 16 ఆంపియర్లని యున్నచో శక్తి ఎంత? వోల్టులను ఆంపియర్లచే గుణింపగా 192 వాట్లు. ఆర్‌ఎక్స్ 6600కు 132, ప్రాసెసరునకు 65, రెండును కలిపి 197. ఫ్యానులను, డిస్కును లెక్కింపకముందే ఆ గీత చాలదని తేలినది. అట్టిది మొదట కొన్నిదినములు నడచును. ఆట ముమ్మరమైనపుడు కంప్యూటరు తనంత తానారిపోవును. ఒకనాడు కాలి, తనతో కార్డును గూడ తీసికొనిపోవును. 80 ప్లస్ గుర్తుగల నమ్మకమైన ఎస్ఎంపీఎస్, 450 నుండి 550 వాట్లది కొనుడు. కార్డులో ఒక మెట్టు దిగియైనను దీనిని కొనవలెను.

ఊరి కరెంటు ఎట్టిదో మనకు తెలియును. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు తోటలతోపాటు స్తంభములును కూలినవి. ఎన్నో గ్రామములు దినములకొలది చీకటిలో నుండెను. అట్టి దినములు అరుదు. ఐనను గాలివానకు కరెంటు పోయి వచ్చుట, వచ్చునపుడు వోల్టేజి ఎగయుట మనకు నిత్యానుభవము. యూపీఎస్ కొనువారు దానిమీది వీఏ సంఖ్యను వాట్లుగా భ్రమింపరాదు. 600 వీఏ యని యుండు సాధారణపు యూపీఎస్ మోయునది 360 వాట్లు మాత్రమే. 4060 గల యంత్రము తెరతో కూడ 250 వాట్ల లోపల నడచును గాన దానికి చాలును. పెద్ద కార్డు కొన్న పెద్ద యూపీఎస్ కొనవలెను. ఈ ఖర్చు అంగడిలో నెవ్వరును ముందుగా చెప్పరు. ఇసుకనేలలో ఎర్తింగు చేయించునపుడు గుంట లోతుగా త్రవ్వించి, వేసవిలో నీరు పోయుచుండవలెను. ఎండిన యిసుక విద్యుత్తును సరిగా గ్రహింపదు. తుపాను హెచ్చరిక వినగానే ప్లగ్గును, ఇంటర్నెట్టు తీగను ఊడదీయుడు.

బిల్లు సంగతి పెద్దది కాదు. 250 వాట్ల యంత్రము దినమునకు మూడుగంటల చొప్పున నెలకు ఇరువదిరెండున్నర యూనిట్లు వాడును. 115 వాట్ల కార్డునకును 170 వాట్ల కార్డునకును తేడా నెలకు ఐదు యూనిట్లు. మూడుగంటలన్నది లెక్కకొరకే సుమా!

సముద్రపు గాలిని గూర్చి ఏ ప్రకటనలోను వ్రాయరు. వానకాలమున వంటింటి డబ్బాలో ఉప్పు చెమర్చుటను మీరు చూచియున్నారు. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత నూటికి 75 దాటినపుడు ఉప్పు తేమను పీల్చి నీరగును. మన తీరపు గాలిలో సన్నని యుప్పుకణములున్నవి. అవి ఫ్యానులచే లోపలికి లాగబడి, కార్డు పలకపై దుమ్ముతో కలిసి కూర్చుండి, తేమకు ద్రవించి, లోహపు కాళ్లను తినివేయును. నెలలకొలది వాడక మూలనుంచిన యంత్రమునకు ఈ హాని అధికము. నడచుచున్న యంత్రము వేడిగా నుండుటచే తేమ నిలువదు. సముద్రమువైపు కిటికీ క్రింద కంప్యూటరు నుంచకుడు. నేలమీదను వలదు. రెండు మూడు నెలలకొకమారు ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుడు. దులుపునపుడు ఫ్యాను రెక్కను వ్రేలితో పట్టి యుంచుడు. తడిగుడ్డ తగిలింపరాదు. కప్పుటకు గుడ్డ వేయు తల్లులు, యంత్రము నడచునపుడు దానిని తీసివేయవలెనని పిల్లలు వారికి చెప్పవలెను.

వాడిన కార్డులు కొనవచ్చునా? కొనవచ్చును, జాగ్రత్తతో. ఈథీరియమ్ అను డిజిటల్ నాణెమును కార్డులతో త్రవ్వు పద్ధతి 2022 సెప్టెంబరు 15వ తేదీన ముగిసినది. రేయింబవళ్లు అట్లు నడచిన కార్డులు అటుపిమ్మట అంగళ్లకు వచ్చినవి. అవన్నియు చెడిపోయినవని యనరాదు. ఫ్యానులు అరుగును, వేడిని లాగు పేస్టు ఎండును, ఇవి బాగుచేయదగినవే. కండ్లయెదుట అరగంట బరువైన యాట నడిపించి, బొమ్మలో మచ్చలు, గీతలు రాకుండుటను చూచి కొనుడు. జీపీయూ-జెడ్ అను ఉచితపు సాధనము కార్డు అసలు పేరును, కోరుల సంఖ్యను, మెమొరీ రకమును చూపును. దొంగపేరు కార్డులలో పెక్కింటిని ఇది పట్టియిచ్చును. సికింద్రాబాదు పార్క్ లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటిచోట నాలుగు దుకాణములు తిరిగి, ధరలడిగి, పరీక్షించి కొనుటకు వీలున్నది. పలాసలో రైలెక్కి పోయివచ్చు ఖర్చు ఈ వస్తువు విలువలో స్వల్పమే. ఆన్‌లైనులో తెప్పించువారు పార్సిలును విప్పుట మొదలు వీడియో తీయవలెను. పెట్టెలో వేరు వస్తువు వచ్చినచో అదియే సాక్ష్యము. మరియొక మాట. జిటిఎక్స్ 900, 1000 వరుసల కార్డులకు క్రొత్త యాటల డ్రైవరులు 2025 అక్టోబరుతో నిలిచినవి. భద్రతా సవరణలు మాత్రము 2028 అక్టోబరు వరకు వచ్చునని కంపెనీ ప్రకటించినది. 1060, 1050 టిఐ వంటివానిని ఎవరైన అమ్మజూపినచో ఈ సంగతి తలచుకొని ధర చెప్పుడు.

ధరలు పోల్చుటకొక లెక్క చూపెదము. 20,000 రూపాయల కార్డు మీరాడు ఆటలో సెకనుకు 80 బొమ్మలు, 26,000 రూపాయలది 100 బొమ్మలు, 12,000 రూపాయలది 30 బొమ్మలు ఇచ్చునని యనుకొనుడు. బొమ్మకు ధర వరుసగా 250, 260, 400 రూపాయలు. అన్నింటిలో చవుకగా కనబడిన 12,000 రూపాయలదే అన్నింటికన్న ప్రియమైనది! ఆట పరీక్షలను వీడియోలలో చూచి ఈ భాగహారము మీరే చేసికొనవచ్చును. సగటుతోపాటు కనిష్ఠవేగమును గూడ చూడుడు. సగటు 80 ఉండి నడుమనడుమ 15కు దిగు కార్డుకన్న నిలుకడగా 60 ఇచ్చునది మేలు.

విదేశపు ధర విని మోసపోవలదు. ఆర్క్ బి580 2024 డిసెంబరులో 249 డాలర్లకు విడుదలైనది. అప్పటి డాలరు సుమారు 85 రూపాయలు. 249ని 85చే గుణింప 21,165, దానిపై 18 శాతము జీఎస్టీ 3,810, మొత్తము 24,975. రవాణాయు వర్తకుని లాభమును ఇంకను చేరలేదు. 2025 చివరి నెలలలో మెమొరీ చిప్పుల ధరలు బాగుగ పెరిగినవి. ర్యాము కొనినవారందరు దాని నెరుగుదురు. ధరలు మారును గాన మేము రూపాయలలో సిఫారసు చేయుట లేదు, వరుసను మాత్రము చెప్పెదము.

పాత ఆఫీసు యంత్రమునకు ఆర్‌టిఎక్స్ 3050 6 జీబీ. తక్కువ సొమ్ముతో క్రొత్తది కూర్చువారికి ఆర్‌ఎక్స్ 6600 ఇంకను దొరకుచున్నచో అదియే మా మొదటి మాట. 2021 నాటిదైనను 8 జీబీ మెమొరీతో, తక్కువ విద్యుత్తుతో పనిచేయును. దానిపై మెట్టున ఆర్‌ఎక్స్ 7600, ఆర్‌టిఎక్స్ 4060, దాని తరువాత 2025 మేలో వచ్చిన 5060. క్రొత్త ప్రాసెసరును నమ్మకమైన ఎస్ఎంపీఎస్‌ను గలవారికి 12 జీబీల బి580 మంచి బేరము. 2025 జూనులో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టి 16 జీబీ రకము చాలకాలము నిలుచును గాని అది ఈ పాఠపు హద్దును దాటుచున్నది. ఇంజనీరింగు చదువదలచి, బ్లెండరుతో బొమ్మలు చేయుట, యంత్రాభ్యసనము మొదలగు పనులు నేర్చుకొనగోరువారు ఎన్‌విడియా కార్డును కొనుట మేలు. ఆ పనులకైన సాధనములు పెక్కు దాని కూడా యను పద్ధతిపైననే ఆధారపడియున్నవి. ఆటకొరకు కొన్న వస్తువు చదువునకును పనికివచ్చునని తండ్రితో చెప్పు పిల్లవాడు ఈ వాక్యమును చూపవచ్చును, కాని చూపిన పిమ్మట నేర్చుకొనవలెను.

డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ అను పేర్లు వినబడుచుండును. తక్కువ చుక్కలతో బొమ్మను గీసి దానిని తెరకు సరిపోవునట్లు పెంచు పద్ధతులివి. చిన్న కార్డునకు ఎంతో సాయము. మొదటిది ఆర్‌టిఎక్స్ కార్డులకే పరిమితము. గీసిన రెండు బొమ్మల నడుమ మరియొకదానిని కల్పించి చేర్చు పద్ధతి వేరుగా కలదు. అది కంటికి నునుపును పెంచును గాని మీట నొక్కినపుడు ఆట స్పందించు వేగమును పెంచదు. ప్రకటనలోని పెద్ద సంఖ్యలు తరచుగా దీనితో చేరినవే.

కార్డు వచ్చిన పిమ్మట బిగించుట కష్టము కాదు. ప్లగ్గు తీసి, క్యాబినెట్టు లోహమును ఒకమారు తాకి, కార్డును గాడిలో టక్కుమను చప్పుడగువరకు నొక్కి, మరలు బిగించి, విద్యుత్తీగను పూర్తిగా దూర్చవలెను. తరువాత తెరనుండి వచ్చు తీగను కార్డు వెనుకనున్న రంధ్రమునకే తగిలింపవలెను. మదర్‌బోర్డు వెనుకను అట్టిదే యొక రంధ్రముండును. అలవాటు చొప్పున తీగను అందు పెట్టి, ఇంత సొమ్ము పోసిన కార్డు పనిచేయుట లేదని దుకాణమునకు తిరిగి తీసికొనిపోయినవారున్నారు.